ఎవరి పేరు కింద ఎవరు

ఆ వానాకాలం మా ఇంట్లో రెండు తగవులు ఒకేసారి మొదలయ్యాయి. కుంభారిలో మా అత్తమ్మకు వచ్చిన కొత్త ఇంట్లో ఎవరుండాలన్నది ఒకటి. కీబోర్డు మీద ట్యాబ్ నొక్కితే ఏం జరగాలన్నది రెండోది. మొదటిది ఇంటిల్లిపాదిదీ. రెండోది నా ఒక్కదానిది, నా ఉద్యోగానిది. అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పీక్కుంటాయని అప్పుడు నాకేం తెలుసు?

మాది సోలాపూర్‌లో దాజీ పేట్. మామయ్య రాజారాం వయసు మీదపడ్డా ముందుగదిలో చేతిమగ్గం వదలని మనిషి. అత్తమ్మ సుందరాబాయి బీడీలు చుడుతుంది. నా భర్త వినాయక్ కుంఠా నాకాలో పవర్‌లూమ్‌లు బాగుచేస్తాడు. మరిది శుభమ్ బట్టల దుకాణంలో గుమాస్తా. నేను ఆరతిని. పుణేలో ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే ప్రోగ్రాములు రాస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఆ మాట అన్నప్పుడే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

మా కంపెనీ తయారుచేస్తున్నది రాసుకునే సాఫ్ట్‌వేర్. పేరు ‘పాటీ’, అంటే మరాఠీలో పలక. మా బృందానికి పెద్ద అనికేత్ నాకు అప్పగించిన పని, జాబితాలు. ఒక మాట కింద ఇంకో మాట, దాని కింద మరొకటి, మెట్లు మెట్లుగా లోపలికి జరిపి రాసుకుంటాం కదా, అవి. ట్యాబ్ నొక్కితే ఆ వరుస ఒక మెట్టు లోపలికి జరిగి, పైనున్నదాని కిందికి చేరాలి. షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే ఒక మెట్టు బయటికి రావాలి. ఇంతేనా అనుకుంటారు మీరు. నేనూ ఇంతేనా అనుకునే ఒప్పుకున్నాను.

మొదటి దెబ్బ మొదటి వారంలోనే తగిలింది. ఒక్కసారి ట్యాబ్ నొక్కితే వరుస రెండు మెట్లు లోపలికి పోతోంది. కోడంతా తిరగేశాను. అనికేత్‌కు పంపితే పుణేలో చక్కగా ఒక్క మెట్టే జరుగుతోందన్నాడు. నా మాట నమ్మడం లేదని అతనితో ఫోన్‌లో పోట్లాడాను కూడా. తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వెనకింటి పవర్‌లూమ్‌లు ఆగిపోయాయి, ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. ట్యాబ్ నొక్కాను. ఒక్క మెట్టే. నాకు బల్ల లేదు. వెనకింటి గోడకు ఆనించిన ఇనుప పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంటాను. గోడ అవతల మగ్గాలు ఆడుతుంటే గోడ, పెట్టె, నేను, నా అరిగిపోయిన ట్యాబ్ మీట అందరం కలిసి వణుకుతున్నామన్నమాట. పెట్టెను గది మధ్యకు లాగి, అనికేత్‌కు ‘సమస్య పరిష్కారమైంది’ అని మాత్రం రాశాను. ఎలా పరిష్కారమైందో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

పెట్టె గది మధ్యకు రావడంతో నా పని అందరి కళ్ళలో పడింది. అంతకుముందు గోడవైపు తిరిగి కూర్చునే కోడలు ఇప్పుడు నట్టింట్లో కూర్చుంది. పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు తెర మీదికి తొంగిచూడటం మొదలుపెట్టారు.

ఊరవతలి కుంభారి ఇంటి తాళంచెవి వచ్చింది కూడా ఆ వారంలోనే. బీడీ కార్మికురాలిగా అత్తమ్మకున్న కార్డు మీద, ఆమె పేరున వచ్చిన ఇల్లు. ఒక గది, ఒక వంటగది, ముందు తలుపు, వెనక కిటికీ. అత్తమ్మ తాళంచెవిని కొంగుకు కట్టుకుని ఇంట్లో తిరుగుతూ, కావాలని గలగలలాడించేది.

“ఇగో, కిరాయికి అడుగుతున్నరు అవ్వా,” అన్నాడు వినాయక్ తల్లితో, అన్నం తింటూ. “మా కార్ఖానల ఒకాయన. శ్రావణ పున్నమి దాకా ఏదో ఒకటి జెప్త అన్న.”

“కిరాయికి కశాలా? ఎందుకియ్యాలె? నేనుంట,” అంది అత్తమ్మ.

అందరి చేతులూ కంచాల్లోనే ఆగాయి.

“నువ్వుంటవా? ఒక్కదానివా?” అన్నాడు శుభమ్.

“ఒక్కదాన్నెందుకుంట? మీ బాపు రాడా?”

మామయ్య మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, నావైపు తిరిగాడు. వాళ్ళిద్దరికీ తగవు వస్తే మధ్యలో నన్ను పెట్టుకునే మాట్లాడతారు. “ఆరతీ, మీ అత్తకు జెప్పు. ఇల్లు ఆమె పేరు మీద ఉంది. నేను పోయి ఆమె ఇంట్ల కూసుంటె దాన్నేమంటరు? ఇల్లరికమంటరు. ఈ వయసుల నన్ను ఇల్లరికం పొమ్మంటున్నదా?”

శుభమ్‌కు పొలమారింది. నేను నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి పారిపోయాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. “ఆరతీ, మీ మామకు జెప్పు. నేను ఇన్నేండ్లు ఆయన ఇంట్ల ఉంటి గద. నన్నెవరన్న ఏమన్న అన్నరా?”

కాసేపటికి మగ్గం చప్పుడు మొదలైంది.

అప్పటికి ఆషాఢం. ఆషాఢంలో కొత్త ఇంట్లో ఎవరూ పాలు పొంగించరు కాబట్టి ఆ నెలంతా పోట్లాడుకోవడానికి ఖాళీ దొరికింది. పైగా మా గల్లీలో కొత్త ఇంటి మొదటి పాలు ఆలుమగలు కలిసి పొంగించాలి. ఒక్కరే పొంగిస్తే దాన్ని ఇల్లనరు, గోదామంటారు. అంటే మామయ్య కదలకపోతే అత్తమ్మ ఇల్లు కిరాయికి పోయినట్టే.

నేను మాత్రం నా జాబితాలతో కుస్తీ పడుతున్నాను. పరీక్షించి చూడటానికి ఏవో పేర్లు కావాలి. కూరగాయల పేర్లతో విసుగొచ్చి, ఒకరోజు మా ఇంటివాళ్ళ పేర్లే రాశాను. పైన రాజారాం. ఆయన కింద ఒక మెట్టు లోపలికి సుందరాబాయి, వినాయక్, శుభమ్. వినాయక్ కింద ఇంకో మెట్టు లోపలికి నేను.

మామయ్య మగ్గం దిగి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. “నా పేరు అందరి మీద ఉంది. బరోబర్ రాసినవ్. ఈ మీటతోటి ఏమైతది?”

“నొక్కి చూడండి మామా.”

తన పేరు మీదికి కర్సర్ తెచ్చి ట్యాబ్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు.

“కదల్తలేదు?”

“మీ పైన ఎవరు లేరు గద మామా. పైన ఒకరుంటెనే వాళ్ల కిందికి పోవుడు. అన్నిట్ల పైనున్నోళ్లు లోపటికి పోరు.”

ఆయన మొహం వెలిగిపోయింది. “సుందరా!” అని పిలిచాడు, నా మధ్యవర్తిత్వం మరిచిపోయి. “ఇటు రా, సూడు. నన్ను ఎవ్వలు కిందికి నెట్టలేరట. ఆరతి మిషన్లనే రాసిపెట్టింది.” ఆ సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర కూడా ఆ సంగతి చెప్పి వచ్చాడట. మరునాడు ఇద్దరు ముసలాళ్ళు వచ్చి తమ పేర్లు రాయించుకుని, ట్యాబ్ నొక్కి, కదలకపోవడం చూసుకుని తృప్తిగా వెళ్ళారు. నా సాఫ్ట్‌వేర్‌ను అంతగా మెచ్చుకున్నవాళ్ళు తర్వాత కూడా ఎవరూ లేరు.

అత్తమ్మ వెంటనే రాలేదు. చాటలో ఆకు, తంబాకు పని ముగించుకుని, చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు తెరను చూసింది.

“నా పేరు లోపట ఎందుకున్నది?”

“ఊరికే అత్తమ్మా, పరీక్ష కోసం...”

“బయటికి తీసే మీట ఏది?”

చూపించాను. షిఫ్ట్, ట్యాబ్ రెంటినీ ఆమె బీడీ మూతి మడిచినట్టు బొటనవేలుతో, చూపుడువేలుతో ఒకేసారి నొక్కింది. సుందరాబాయి ఒక మెట్టు బయటికి వచ్చి రాజారాంతో సమానంగా నిలబడింది. ఆమె తర్వాత ఉన్న వినాయక్, నేను, శుభమ్ కదలకుండా మా మెట్టు మీదే ఉండిపోయాం. కానీ ఇప్పుడు మాకు పైనున్నది సుందరాబాయి. అంటే మేమందరం ఆమె కిందికి వచ్చేశాం.

“అరె! పోరగాండ్లు నా దిక్కు వచ్చిండ్రు!” అని అత్తమ్మ చప్పట్లు కొట్టింది. ఆమె అలా చప్పట్లు కొట్టడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నాకూ భలే సంతోషం వేసింది.

మామయ్య వచ్చి వంగి చూశాడు. తెర మీద రాజారాం ఒక్కడే ఉన్నాడు. ఆయన కింద ఎవరూ లేరు.

“ఇది గలత్ ఉంది,” అన్నాడు. “ఆమె బయటికి పోతె పోనీ. పోరగాండ్లు ఏం జేసిండ్రు? వాళ్లను అడిగిండ్రా? ఠీక్ చేయి ఆరతీ.”

గొంతు పెద్దదే చేశాడు కానీ, అందులో కోపం లేదు. ఇల్లరికం, పరువు అంటూ ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ పైపై మాటలని నాకు అప్పుడు తట్టింది. ఆయనకు దాజీ పేట్ పోతుందన్న భయం కాదు, వెనక ఒంటరిగా మిగిలిపోతానన్న భయం. మామయ్యంటే నాకు చాలా ఇష్టం. ఆ పూట ఆయన మొహం చూసి బాధేసింది.

మరునాడు ఆదేశం మార్చి రాశాను. ఈసారి బయటికి వచ్చే వరుస ఒక్కటే వస్తుంది. దాని తర్వాతివాళ్ళు పాతచోటే, పాత పెద్ద కిందే ఉంటారు. వాళ్ళందరినీ దాటాలి కాబట్టి బయటికి వచ్చినది చిట్టచివరికి చేరుతుంది. పేర్లను మళ్ళీ పాత వరుసలో పెట్టి, అత్తమ్మను పిలిచి నొక్కమన్నాను. సుందరాబాయి మా అందరినీ వదిలి, జారుకుంటూ పోయి అట్టడుగున పడింది.

అత్తమ్మ చప్పట్లు కొట్టలేదు. “బయటికి వచ్చుడంటే గింత దూరం పోవుడా?” అంది. మళ్ళీ చాట ముందు కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది. “కింద పడ్డదానికి మల్ల పైకి ఎక్కే మీటన్న ఉండాలె గద. లేకుంటె బయటికి ఎవలొస్తరు?”

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఒకరికి నచ్చితే ఇంకొకరికి నచ్చదు, నేను రాస్తున్నది సాఫ్ట్‌వేరా, పంచాయితీ తీర్పా? అనికేత్ అంతకన్నా విసిగిస్తున్నాడు. అతనికి మొదటి పద్ధతే నచ్చింది. తెర మీద ఏ వరుసా చోటు మారదు, చూసేవాళ్ళు కంగారుపడరు అంటాడు.

“చోటు మారకపోతే సరిపోతుందా? ఎవరి కింద ఉన్నారో మారిపోయింది కదా!” అన్నాను ఫోన్‌లో.

“అది ఎవరు గమనిస్తారు?” అన్నాడతను.

“మా మామయ్య గమనించాడు!” అని అరిచాను.

మీ మామయ్యను వాడకందారుల పరీక్షలోకి ఎప్పుడు తీసుకున్నావని అడిగాడతను మెల్లగా. ఇంటివాళ్ళ పేర్లతో జరిగిందంతా చెప్పాను. అతను చాలాసేపు నవ్వాడు. నవ్వుతూనే, అయితే నీ తీర్పేమిటి, రేపు చెప్పమన్నాడు.

ఆ రోజంతా ఆలోచించాను. ఒక మనిషి తన మీట తాను నొక్కితే తాను కదలాలి. తన కింద ఉన్నవాళ్ళు తనతో రావడం న్యాయం. పక్కనున్నవాళ్ళను అడక్కుండా లాక్కుపోవడం మాత్రం కుదరదు. రావాలనుకుంటే వాళ్ళ మీట వాళ్ళు నొక్కుకుంటారు. అలాగే అత్తమ్మ అన్నదీ నిజమే. బయటికి వచ్చినవాళ్ళు అడుగున పడి ఉండాల్సిన పని లేదు. ఆల్ట్ పట్టుకుని పైబాణం నొక్కితే వరుస పైకి ఎక్కేలా ఇంకో ఆదేశం చేర్చాను. రెండో పద్ధతినీ, దీన్నీ కలిపి పంపితే అనికేత్ ఒప్పుకున్నాడు. నా ఉద్యోగం తగవు అక్కడితో తీరింది. ఇంటి తగవు ఎక్కడిదక్కడే ఉంది.

శ్రావణం వచ్చింది. వినాయక్ మళ్ళీ కదిపాడు. “పున్నమి దగ్గరికొచ్చింది అవ్వా. ఆయన రోజు అడుగుతున్నడు. ఏం జెప్పాలె?”

అత్తమ్మ కొంగున తాళంచెవి గలగలలాడించడం మానేసి చాలా రోజులైంది. “మీ బాపు రాకుంటె పాలు పొంగవు. పాలు పొంగకుంటె అది నా ఇల్లెట్ల అయితది? నీ ఇష్టం. ఇచ్చెయ్,” అంది. ముడి విప్పి తాళంచెవి నా పెట్టె మీద పెట్టింది. చుట్టిన బీడీల బుట్ట చంకన పెట్టుకుని, బీడీ కంపెనీలో అప్పగించి రావడానికి వానలోనే బయల్దేరింది. గొడుగు తీసుకుపొమ్మని నేను వెనక నుంచి అరిచినా వినిపించుకోలేదు.

వినాయక్ తాళంచెవిని చూశాడు, నన్ను చూశాడు. తీసుకోలేదు. “పొద్దుగూకినంక చూద్దాం,” అని పనికి పోయాడు.

మగ్గం చప్పుడు ఆగింది. మామయ్య వచ్చి పెట్టెకు ఇవతల బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తాళంచెవిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఉన్నచోటే పెట్టాడు.

“నీ పాటీల నేను ఇంక పైన్నే ఉన్ననా?”

“ఉన్నారు మామా.”

“ఆమె?”

“అందరి కింద. మొన్న నొక్కినప్పటి నుంచి ఆడనే ఉంది.”

తెర తనవైపు తిప్పుకున్నాడు. పైన రాజారాం, ఆయన కింద మేమందరం, అన్నిటికీ అడుగున సుందరాబాయి. బయట వాన, వెనకింట్లో మగ్గాల మోత.

“ఈమెను నా మీదికి తేవాల్నంటె ఏం నొక్కాలె?”

ఆల్ట్, పైబాణం చూపించాను. నొక్కాడు. సుందరాబాయి మా అందరి మీదుగా ఒక్క గెంతు గెంతి, రాజారాంకు పైన కూర్చుంది. ఆయన తన పేరు మీదికి వచ్చాడు. ఏ మీట నొక్కాలో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. ఆషాఢంలో సరదాగా నొక్కిన మీటే అది.

ఈసారి కదిలింది. రాజారాం ఒక మెట్టు లోపలికి, సుందరాబాయి కిందికి వెళ్ళాడు. ఆయనతోపాటు వినాయక్, నేను, శుభమ్ కూడా ఒక్కొక్క మెట్టు లోపలికి జరిగాం.

“అందరు వచ్చిండ్రు గద,” అన్నాడు.

“మీ కింద ఉన్నోళ్లు మీతోటి వస్తరు మామా. అట్లనే రాసిన.”

“గది మంచిగ రాసినవ్.”

లేచి మగ్గం దగ్గరికి పోయాడు. కాసేపటికి చప్పుడు మొదలైంది. మళ్ళీ ఆగింది. “ఆరతీ,” అని అక్కడి నుంచే పిలిచాడు. “మీ అత్త వచ్చినంక అడుగు. పాలకు పంతులు ఏ టైం జెప్పిండో.”

అత్తమ్మ తడిసి ముద్దై వచ్చింది. అడిగాను. ఆమె బుట్ట దించి, తల తుడుచుకుంటూ, ముందుగది వైపు చూడకుండా, “మీ మామకు జెప్పు, పంతుల్ని ఇంక అడుగనే లేదని. అడిగొస్త అని జెప్పు,” అంది. వచ్చిన తడి చీరతోనే మళ్ళీ వానలోకి పోయింది. ఈసారి కూడా గొడుగు తీసుకోలేదు. తాళంచెవి మాత్రం తీసుకుంది.

పున్నమి తెల్లవారి కుంభారిలో పాలు పొంగాయి. మామయ్య గిన్నె పట్టుకున్నాడు, అత్తమ్మ పొయ్యి వెలిగించింది. తెర మీద జరిగినట్టు మేమందరం అక్కడికి కదిలామా అంటే లేదు. అంత దూరం నుంచి రోజూ కుంఠా నాకాకు బండి మీద పోవడం తనవల్ల కాదని వినాయక్ మొరాయించాడు. మేము దాజీ పేట్‌లోనే ఉండిపోయాం, ఆదివారాలు వెళ్ళివస్తాం. మామయ్య కూడా మగ్గం వదల్లేదు. పొద్దున బస్సులో దాజీ పేట్ వచ్చి నేస్తాడు, సాయంత్రం బస్సులో కుంభారి పోతాడు. ఇల్లరికం సంగతి చాయ్ హోటల్లో ఎవరో ఎత్తితే, “ఆడ గల్లీకి గల్లీ అంత ఆడోళ్ల పేరు మీదనే ఉంది. మొగోళ్లమందరం ఇల్లరికమే. ఎవలను ఎవలేమంటరు?” అన్నాడట.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం కుంభారి వెళ్ళాం. వినాయక్, శుభమ్ రెండు గంటలకే తిరిగి వెళ్ళిపోయారు, నేను ఆగిపోయాను. ఆదివారమైనా మామయ్య మగ్గం మీద ఏదో నేత మిగిలిందని పొద్దున్నే దాజీ పేట్ పోయాడు. జల్లు లోపలికి కొడుతోందని అత్తమ్మ ముందు తలుపు వేసింది. గదిలో ఆకు, తంబాకు వాసన అప్పుడే పట్టేసింది. ఆమె రోజు పని ముగించి, చాట గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. మేమిద్దరం చాయ్ తాగుతున్నాం.

తలుపు తట్టిన చప్పుడైంది.

దాజీ పేట్‌లో మా తలుపు తెల్లవారితే తెరిచేది, పడుకునే ముందు మూసేది. వచ్చేవాళ్ళు మాట్లాడుతూనే లోపలికి వచ్చేస్తారు. తట్టేవాళ్ళెవరూ లేరు. అత్తమ్మ గ్లాసు దించి తలుపు వైపు చూసింది.

“ఎవలు?”

“నేనే.”

“నేనంటె ఎవలు?”

“రాజారాంను. సుందరాబాయి ఇంటికొచ్చిన. తడుస్తున్ననే, తలుపు తియ్యి.”

“ఆగు. చేతుల పని ఉంది,” అంది అత్తమ్మ.

ఆమె చేతుల్లో ఏ పనీ లేదు. ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. పాపం మామయ్య తడుస్తున్నాడని నేను లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి, మొహమంతా నవ్వు.

“కూసో బిడ్డా,” అంది మెల్లగా. “ఇంకొక్కసారి కొట్టనీ. నా తలుపు గద.”